న్యూయార్క్‌లో ఏ భవనం ఎక్కాలి? ఎంపైర్ స్టేట్, టాప్ ఆఫ్ ది రాక్, ఎడ్జ్: ఆరుబయటి డెక్‌ల పోలిక

వేసవి రాగానే న్యూజెర్సీలోని ఎడిసన్, జెర్సీ సిటీ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళకు ఊరి నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తారు. వారిని ఒక రోజు న్యూయార్క్ తీసుకువెళ్ళాలనుకున్నప్పుడు లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్ విషయంలో ఎవరికీ సందేహం ఉండదు. ఏ భవనం ఎక్కించాలన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. టికెట్టు కొని పైకి వెళ్ళి నగరాన్ని చూడదగిన పెద్ద భవనాలు ఇప్పుడు మన్‌హట్టన్‌లో ఐదు ఉన్నాయి. ఒక్కొక్క టికెట్టు 40 డాలర్ల చుట్టుపక్కల మొదలై, రోజును బట్టి, వేళను బట్టి పెరుగుతుంది గనుక నలుగురున్న కుటుంబం రెండు చోట్లకు వెళ్తే మూడు వందల డాలర్లు సులభంగా దాటిపోతాయి. అందుచేత చాలామంది ఒక్కటే ఎంచుకుంటారు, ఆ ఎంపికను కూడా ఏది ఎక్కువ ఎత్తు అన్న ఒక్క ప్రశ్నతో ముగించేస్తారు. ఆ ప్రశ్న మనకు పెద్దగా ఉపయోగపడదని నా అనుభవం, ఎందుకో కింద వివరిస్తాను.

ఐదింటిలో రెండింటిని ముందే పక్కన పెడుతున్నాను. 2015లో తెరిచిన వన్ వరల్డ్ అబ్జర్వేటరీ పూర్తిగా అద్దాల లోపల ఉంటుంది. 2021లో తెరిచిన సమ్మిట్ వన్ వాండర్‌బిల్ట్‌లో ముఖ్య ఆకర్షణ అద్దాలు పరచిన గదులే, బయట నిలబడే చోటు దానికి అనుబంధం మాత్రమే. రెండూ చూడదగినవే, చలికాలంలో పసిపిల్లలతో వెళ్ళేవారికి నేను వాటినే సూచిస్తాను. కానీ అంత ఎత్తున ముఖానికి గాలి తగలడం, కింద వీధిలో పోతున్న అంబులెన్సు మోత సన్నగా పైకి వినిపించడం, ఫొటోలో అద్దపు మెరుపు పడకపోవడం కావాలనుకునేవారికి మిగిలిన ఆరుబయటి డెక్‌లు, అంటే పైన బయట నిలబడి చూసే వేదికలు, మూడే: ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 86వ అంతస్తు, రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని టాప్ ఆఫ్ ది రాక్, హడ్సన్ యార్డ్స్‌లోని ఎడ్జ్.

ముందుగా ఎత్తు సంగతి. ఎంపైర్ స్టేట్ 86వ అంతస్తు నేల నుంచి 1,050 అడుగులు, రాక్ పైఅంతస్తు సుమారు 850 అడుగులు, ఎడ్జ్ 1,100 అడుగులకు కొంచెం పైన. కాగితం మీద ఎడ్జ్‌కు, రాక్‌కు మధ్య 250 అడుగులకు పైగా తేడా కనిపిస్తుంది. అయితే భూమి గుండ్రంగా ఉండటం వల్ల దిగంతం దూరం ఎత్తుకు వర్గమూలంగా మాత్రమే పెరుగుతుంది. లెక్క వేస్తే రాక్ మీద నుంచి దిగంతం సుమారు 36 మైళ్ళ దూరంలోనూ, ఎంపైర్ స్టేట్ నుంచి 40 మైళ్ళ దూరంలోనూ, ఎడ్జ్ నుంచి 41 మైళ్ళ దూరంలోనూ ఉంటుంది. వేసవిలో తేమ నిండిన గాలిలో ఆ చివరి ఐదు మైళ్ళు ఎలాగూ కనిపించవు. కాబట్టి మనం అడగవలసింది మన ముందు ఏ దిక్కున ఏముంది, దానికీ మన కళ్ళకూ మధ్య ఏముంది, వెలుగు ఎటు నుంచి పడుతోంది అన్నవే. మూడు డెక్‌ల మధ్య అసలు తేడా ఈ ప్రశ్నల దగ్గరే తేలుతుంది.

ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 1931 మే 1న ప్రారంభమైంది. మహా మాంద్యం రోజులు కావడంతో ఆఫీసు గదులు అద్దెకు పోక ఖాళీగా ఉండిపోయాయి, మొదటి ఏడాది అద్దెల మీద ఎంత వచ్చిందో డెక్ టికెట్ల మీద కూడా దాదాపు అంతే వచ్చిందని ఆ భవనం చరిత్ర చెబుతుంది. అంటే పైకెక్కి నగరాన్ని చూడాలన్న జనం కోరిక ఆ భవనాన్ని కొంతకాలం అక్షరాలా నిలబెట్టింది. 86వ అంతస్తు డెక్ నాలుగు వైపులా చుట్టి ఉండటం దాని పెద్ద గుణం. ప్రదక్షిణం చేసినట్టు ఒక చుట్టు తిరిగితే దక్షిణాన వాల్ స్ట్రీట్ వైపు భవనాలూ వాటి వెనుక చిన్నదిగా లిబర్టీ విగ్రహమూ, తూర్పున ఈస్ట్ నది దాటి క్వీన్స్, బ్రూక్లిన్, ఈశాన్యాన క్రైస్లర్ భవనం, పడమట హడ్సన్ నది, దాని అవతల న్యూజెర్సీ వరుసగా కనిపిస్తాయి. నగరం నట్టనడుమ నిలబడ్డామన్న భావన ఇక్కడ కలిగినంతగా మిగతా రెండు చోట్లా కలగదు.

లోటు కూడా అక్కడే ఉంది. న్యూయార్క్ అనగానే మన మనసులో మెదిలే భవనం ఎంపైర్ స్టేట్, దాని మీదే నిలబడితే అది మనకు కనిపించదు. సాయంత్రం వేళ రంగు దీపాలతో వెలిగే ఆ శిఖరం లేని నగర దృశ్యాన్ని చూసి, "మరి ఎంపైర్ స్టేట్ ఏదీ?" అని మా అమ్మ అడిగింది. మనం దాని మీదే ఉన్నామని చెప్పినా ఆవిడకు వెలితి తీరలేదు. ఇంకొక లోటు కంచె. నడుము ఎత్తు గోడ మీద, పైభాగం లోపలికి వంగిన ఉక్కు కంచె ఉంటుంది. ఆత్మహత్యలను ఆపడానికి 1947లో దానిని పెట్టారు. సందుల్లోంచి ఫోను పెట్టి ఫొటో తీయవచ్చు, కానీ కుటుంబమంతా నిలబడి వెనుక నగరం వచ్చేలా తీస్తే ఆ కంచె తప్పకుండా పడుతుంది. డబ్బు అదనంగా కట్టి 102వ అంతస్తుకు వెళ్ళవచ్చు. అది అద్దాల గదే తప్ప ఆరుబయలు కాదు గనుక మనం వెతుకుతున్నదానికి అక్కడ కొత్తగా దొరికేదేమీ లేదు, 86తో ఆగిపోవడమే మేలు.

టాప్ ఆఫ్ ది రాక్ ఉన్న భవనం 30 రాక్‌ఫెల్లర్ ప్లాజా. 1933లో దీని డెక్‌ను మహాసముద్రాలు దాటే ప్రయాణికుల ఓడ పైభాగంలా, పడక కుర్చీలతో సహా తీర్చిదిద్దారు. డెక్ అన్న మాట ఓడ నుంచి వచ్చినదని గుర్తు పెట్టుకుంటే ఆ ఆలోచనలోని అందం తెలుస్తుంది. 1986లో మూసివేసిన ఆ డెక్‌ను బాగుచేసి 2005లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు 67, 69, 70 అంతస్తుల్లో చూసే చోట్లున్నాయి. 69వ అంతస్తులో ఎత్తైన అద్దపు పలకలు ఉంటాయి, వాటి మధ్య సన్నని సందులున్నాయి గనుక కెమెరాకు ఇబ్బంది లేదు. ఈ వ్యాసమంతా రాయడానికి నన్ను పురికొల్పింది మాత్రం 70వ అంతస్తు. అది కింది అంతస్తు అంచు నుంచి బాగా లోపలికి జరిగి ఉండటం వల్ల దాని చుట్టూ అద్దం గానీ కంచె గానీ అవసరం రాలేదు. తక్కువ ఎత్తు గోడ పక్కన నిలబడితే కళ్ళకూ ఆకాశానికీ మధ్య ఏ అడ్డమూ ఉండదు. ఎంత ఎత్తైన చోటుకు వెళ్ళినా గోల్కొండ బాలాహిస్సార్‌తో పోల్చి చూడటం మా నాన్నగారి అలవాటు. అక్కడ గాలి ఎలా తగులుతుందో ఇక్కడా అలాగే తగిలిందని ఆయన అన్నది ఈ అంతస్తు మీద నిలబడే.

రాక్ నుంచి దక్షిణానికి చూస్తే ఎంపైర్ స్టేట్ నిలువునా, ఏకాంతంగా ఎదురుగా కనిపిస్తుంది, దాని వెనుక దూరంగా వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ నిలబడి ఉంటుంది. ఉత్తరానికి తిరిగితే సెంట్రల్ పార్క్ పచ్చని చాప పరిచినట్టు సాగిపోతుంది. న్యూయార్క్‌లో పెద్దవారు చూడాలనుకునే రెండూ ఒకే చోట, ఎదురెదురు దిక్కుల్లో దొరకడం వల్లనే మొదటిసారి వచ్చినవారికి నేను మరో ఆలోచన లేకుండా దీనినే చెబుతాను. నిజాయితీగా చెప్పవలసిన ఒక మార్పు ఉంది: గత పదిపదిహేనేళ్ళలో 57వ వీధి వెంట లేచిన సన్నని ఎత్తైన నివాస భవనాలు, ముఖ్యంగా 1,550 అడుగుల సెంట్రల్ పార్క్ టవర్, 1,428 అడుగుల 111 వెస్ట్ 57, పార్కు దృశ్యాన్ని అక్కడక్కడా నిలువు గీతల్లా కోస్తున్నాయి. పాత ఫొటోలు చూసి వెళ్ళినవారికి అది కొంత నిరాశ కలిగించవచ్చు. అయినా ఆ భవనాల సందుల్లోంచి కనిపించే పార్కు కూడా చిన్నదేమీ కాదు.

ఒక జాగ్రత్త: పార్కు చూడాలంటే పగలే వెళ్ళాలి, ఎందుకంటే రాత్రి అది చుట్టూ వెలుగుల మధ్య నల్లని దీర్ఘచతురస్రంగా మిగిలిపోతుంది. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో ఆకులు రంగు మారే రోజుల్లో వచ్చినవారు ఎంత ధరైనా సరే మధ్యాహ్నపు టికెట్టే తీసుకోవాలని నా మనవి. శీతాకాలపు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడు కనుక ఎంపైర్ స్టేట్ ఎండకు ఎదురుగా నల్లగా పడుతుంది. ఆ నెలల్లో మంచి ఫొటో కావాలంటే సాయంత్రం దాకా ఆగాలి.

ఎడ్జ్ మూడింటిలోకీ కొత్తది. 2020 మార్చి 11న తెరిచి, కరోనా వల్ల కొద్ది రోజుల్లోనే మూసివేసి, సెప్టెంబరులో మళ్ళీ తెరిచారు. 30 హడ్సన్ యార్డ్స్ భవనం 100వ అంతస్తు నుంచి 80 అడుగుల మేర బయటికి పొడుచుకొచ్చిన ముక్కోణపు వేదిక అది, కింద దానికి ఆధారంగా స్తంభాలేవీ లేవు. చుట్టూ ఉన్న 9 అడుగుల అద్దపు గోడలు బయటికి వంగి ఉంటాయి కాబట్టి వాటికి ఆనుకున్నప్పుడు కింద వీధి మీదికి మనమే వాలినట్టు అనిపిస్తుంది. నేలలో కూడా ఒక ముక్కోణం అద్దంతో వేశారు. ఇంకా సాహసం కావాలనుకునే యువకులు వేరే టికెట్టు కొని, నడుముకు తాళ్ళు కట్టుకుని భవనం వెలుపలి మెట్ల మీదుగా శిఖరానికి ఎక్కే సిటీ క్లైంబ్ కూడా ఇక్కడే ఉంది.

ఎడ్జ్‌ను నేను తక్కువ చేయడం లేదు. అది నగరానికి పడమటి అంచున ఉండటం వల్ల సూర్యాస్తమయానికి దానిని మించిన చోటు ఈ మూడింటిలో లేదు. పొద్దు హడ్సన్ నది అవతల న్యూజెర్సీ మీద వాలుతుంది, అదే సమయంలో వెనక్కి తిరిగితే ఎంపైర్ స్టేట్‌తో సహా మధ్య మన్‌హట్టన్ అంతా ఆ ఎర్రని ఎండ ముఖాన పడి మెరుస్తుంది. ఉదయం వెళ్తే దీనికి సరిగ్గా వ్యతిరేకం, సూర్యుడు భవనాల వెనుక ఉంటాడు గనుక అన్నీ నీడలుగానే కనిపిస్తాయి. తక్కువ ధరకు వస్తోందని ఎడ్జ్‌కు పొద్దున్నే టికెట్టు కొనేవారికి నేను వద్దని చెప్పేది అందుకే. ఒకవైపు భవనమే అడ్డంగా నిలబడి ఉండటం వల్ల ఎంపైర్ స్టేట్‌లోలా నాలుగు దిక్కులూ చుట్టి రావడం కుదరదు. పైన కప్పు లేదు కనుక ఆరుబయలే అయినా, చుట్టూ ఉన్నది అద్దం గనుక సాయంత్రం వెలుగు తగ్గాక ఫొటోల్లో ప్రతిబింబాలు వస్తాయి. ఎత్తు అంటే భయం ఉన్నవారిని అక్కడికి బతిమాలి తీసుకువెళ్ళవద్దు. అలాంటివారు డబ్బు కట్టి కూడా లోపలి గది గోడకు ఆనుకుని కూర్చుండిపోవడం చూశాను. వారికి ఎంపైర్ స్టేట్ నయం, 86వ అంతస్తులో గాలి తగలని లోపలి గది ఉంటుంది, అక్కడి నుంచి మెల్లగా ధైర్యం చేసుకుని బయటికి రావచ్చు.

ఇక వేళ. జూన్ చివర న్యూయార్క్‌లో పొద్దు గుంకేది రాత్రి ఎనిమిదిన్నరకు, డిసెంబరు మొదట్లో సాయంత్రం నాలుగున్నరకే. సూర్యాస్తమయ వేళకు టికెట్టు ధర పెరుగుతుంది, జనమూ పెరుగుతారు. అయినా ఒక్కసారి వచ్చేవారికి ఆ అదనపు డబ్బు దండగ అని నేను అనను, పగలూ సంధ్యా రాత్రీ మూడూ ఒకే టికెట్టు మీద చూడగలుగుతారు కదా. కిటుకు ఏమిటంటే అస్తమయం సమయానికే టికెట్టు తీసుకోకూడదు. దానికి కనీసం ఒక గంట ముందు వేళను ఎంచుకోవాలి, ఎందుకంటే విమానాశ్రయంలోలా సంచుల తనిఖీ ఉంటుంది, లిఫ్టు కోసం ఆగాలి, ఎంపైర్ స్టేట్‌లోనైతే 80వ అంతస్తులో దిగి ఇంకొక లిఫ్టు ఎక్కాలి. పొద్దు మునిగిన తరువాత మరో అరగంట ఉండగలిగితే ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే కింద దీపాలు వెలుగుతాయి, ఆ అరగంట కోసమే ఆరుబయటి డెక్ ఎక్కాలని నాకనిపిస్తుంది. వేసవిలో ఇలా చేస్తే ఎడిసన్ ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. పెద్దవారికి రాత్రి భోజనం, మందులు ఆలస్యమవుతాయి కనుక ఆ సంగతి ముందే చూసుకుని చిన్న డబ్బాలో ఏదైనా తినిపించి పైకి తీసుకువెళ్ళండి.

గాలి గురించి ఎంత చెప్పినా తక్కువే. వెయ్యి అడుగుల ఎత్తున ఉష్ణోగ్రత నేల మీదకంటే సుమారు రెండు డిగ్రీల సెల్సియస్ మాత్రమే తగ్గుతుంది. అసలు వణికించేది గాలి వేగం. కింద చొక్కాతో చెమట పట్టిన రోజున కూడా పైన శాలువా కావాలనిపిస్తుంది. చీర కట్టుకున్నవారు కొంగును పిన్నుతో భుజానికి గట్టిగా పెట్టుకోవాలి, చున్నీ వేసుకున్నవారు ముడి వేసుకోవాలి, టోపీ సంచిలో దాచుకోవడమే మంచిది, ఫోనుకు మణికట్టు తాడు ఉంటే ఇంకా మంచిది. లిఫ్టు వేగం వల్ల చెవులు దిబ్బళ్ళు వేస్తాయి, గుటక వేస్తే సరిపోతుందని అమ్మానాన్నలకు ముందే చెప్పండి, లేకపోతే బీపీ పెరిగిందేమోనని కంగారు పడతారు. మోకాళ్ళ నొప్పులున్నవారికి మూడు చోట్లా లిఫ్టులున్నాయి, కానీ పైన కూర్చునే చోటు మీద ఆశ పెట్టుకోకండి. చక్రాల కుర్చీ అవసరమైనవారు రాక్‌కు వెళ్తుంటే 70వ అంతస్తు సంగతి టికెట్టు కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

రవాణా విషయంలో పెద్ద తేడా లేదు. జెర్సీ సిటీ నుంచి పాత్ రైల్లో 33వ వీధి స్టేషనులో దిగితే ఎంపైర్ స్టేట్ నడిచే దూరమే. ఎడిసన్, మెట్రోపార్క్ వైపు నుంచి పెన్ స్టేషనుకు వచ్చినవారికీ అది దగ్గరే. రాక్‌కు 34వ వీధి హెరాల్డ్ స్క్వేర్ నుంచి సబ్‌వేలో రెండో స్టాపులో దిగాలి. ఎడ్జ్‌కు పెన్ స్టేషను నుంచి పడమటికి నడవాలి, నడవలేనివారు టైమ్స్ స్క్వేర్ నుంచి 7వ నంబరు రైలు ఎక్కవచ్చు. ఎడ్జ్ పక్కనే, పాత రైలు వంతెనను ఉద్యానవనంగా మార్చిన హై లైన్ ఉంది. దానికి టికెట్టు లేదు, సాయంత్రం దాని మీద కాసేపు నడిచి పైకి వెళ్తే ఆ పూట నిండుగా ఉంటుంది.

ఎవరికి ఏది అని ఒక్క మాటలో అడిగేవారికి నా తీర్పు ఇది. తల్లిదండ్రులతో మొదటిసారి వెళ్తుంటే టాప్ ఆఫ్ ది రాక్, మధ్యాహ్నం చివర నుంచి చీకటి పడేదాకా. పార్కు, ఎంపైర్ స్టేట్ ముందే చూసేసినవారికి, కొత్త దంపతులకు, ఎత్తంటే సరదా ఉన్న పిల్లలకు ఎడ్జ్, సాయంత్రం మాత్రమే. ఆ పేరు వింటూ పెరిగి, ఆ భవనం మీద కాలు పెట్టాలన్న కోరిక ఉన్న పెద్దవారికి ఎంపైర్ స్టేట్, రాత్రి బాగా పొద్దుపోయాక, రద్దీ తగ్గిన వేళ. ఈ చివరి కోరికను దృశ్యాల లెక్కతో తోసిపుచ్చవద్దు. ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పిన మా మేనమామ 86వ అంతస్తు గోడ మీద చెయ్యి వేసి ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డాడు. రాక్ మీద ఎంత మంచి దృశ్యం ఉన్నా ఆయనకు అది దొరికి ఉండేది కాదు.

ఏది ఎంచుకున్నా, మబ్బు రోజు మాత్రం వద్దు. ఒకసారి నెల ముందే టికెట్లు కొని, తీరా ఆ రోజు పైకి చేరాక తెల్లని పొగమంచు తప్ప ఏమీ చూడలేక దిగివచ్చాము. అప్పటి నుంచి వాతావరణం చూసుకుని రెండు మూడు రోజుల ముందు మాత్రమే కొంటున్నాను. జెర్సీ సిటీ, హోబోకెన్ నది ఒడ్డున నిలబడితే ఎంపైర్ స్టేట్ శిఖరం కనిపిస్తుంది. అది మబ్బులో మునిగి ఉంటే ఆ పూట పైన ఏ డెక్ మీదా ఏమీ కనిపించదని అర్థం. అలాంటి రోజున మన్‌హట్టన్ దక్షిణ కొసకు వెళ్ళి స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కండి. టికెట్టు లేదు, ఒక్కో వైపు ప్రయాణం సుమారు 25 నిమిషాలు, కూర్చోవడానికి బల్లలుంటాయి. వెళ్ళేటప్పుడు కుడివైపు రెయిలింగు దగ్గర నిలబడితే ఆరుబయటి గాలీ, లిబర్టీ విగ్రహమూ రెండూ దక్కుతాయి.